చూద్దాం లెండి అంటే ఏంటో ఏఐకి ఎవరు చెప్పాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే గోల. కాల్ రికార్డింగులు ఏఐకి ఇచ్చాం, అదేదో పేజీలకు పేజీలు రాసిచ్చింది, దాంతో ఏం చేసుకోవాలో తెలీట్లేదు అని. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే కూర్చున్నా. నేనూ ఒకప్పుడు టెలీకాలింగ్ టీమ్ చూసినవాణ్ణే, రోజుకి ఇరవై రికార్డింగులు స్పీడు పెంచి వినేవాణ్ణి, ఇప్పటికీ ఎవరైనా నిదానంగా మాట్లాడితే స్పీడు బటన్ ఎక్కడుందా అని చెయ్యి వెతుకుద్ది.

ప్రశ్న: మాది ఏలూరులో రూఫ్‌టాప్ సోలార్ షాపండి. ఆరుగురు అమ్మాయిలు ఫోన్లు చేస్తారు. రికార్డింగ్‌ని టెక్స్ట్ (ట్రాన్స్‌క్రిప్ట్) చేసి చాట్‌జీపీటీలో పెట్టి "ఈ సేల్స్ కాల్ ఎనలైజ్ చెయ్యి" అంటున్నా. ప్రతిదానికీ "కస్టమర్ ఆసక్తిగా ఉన్నారు, మాట తీరు బాగుంది, ఫాలోఅప్ చెయ్యండి, 10కి 8" అంటుంది. అందరికీ 8 వస్తే మరి నా షాపులో అమ్మకాలు ఎందుకు లేవండి? కొన్ని కాల్స్ జతచేస్తున్నా చూడండి.
- ఓ సోలార్ డీలరు, ఏలూరు

జవాబు: అన్నగారూ, మీ కాల్స్ చూశా. ఒకదాంట్లోంచి కస్టమర్ వివరాలు తీసేసి అసలు ముక్క ఇక్కడ వేస్తున్నా, మిగతావాళ్ళకి కూడా పనికొస్తది.

టెలీకాలర్: సర్ మీరు 3 కిలోవాట్ పెట్టించుకుంటే 78 వేలు సబ్సిడీ వస్తది సర్.
కస్టమర్: అవునా. మరి అది మీరు ముందే తగ్గించి ఇస్తారా, మేం మొత్తం కట్టాలా?
టెలీకాలర్: సర్ మా ప్యానెల్స్‌కి 25 ఏళ్ళ వారంటీ ఉంటది సర్.
కస్టమర్: ఆఁ... సరేనమ్మా. మా అబ్బాయిని అడిగి చెప్తాను.
టెలీకాలర్: ఓకే సర్, వాట్సాప్‌లో బ్రోచర్ పెడతాను, థాంక్యూ సర్.

దీనికి మీ ఏఐ ఏం రాసింది? "కస్టమర్ కుటుంబంతో చర్చించి నిర్ణయం తీసుకుంటారు, సానుకూలం" అని. తెలుగిళ్ళలో పుట్టి పెరిగిన ఎవడికైనా ఇది చదవగానే అర్థమవుద్ది, ఆ పెద్దాయన మర్యాదగా ఫోన్ పెట్టేశాడు. డబ్బు ముందు ఎంత కట్టాలి అని అడిగాడు, మన అమ్మాయి వారంటీ గురించి చెప్పింది, అక్కడ అయిపోయింది బేరం. ఆ "ఆఁ..." దగ్గర.

ఏఐది తప్పని కూడా అనలేం. మీరు ఏం అడిగారు, ఎనలైజ్ చెయ్యి అన్నారు. కొత్తగా చేరిన కుర్రాడికి ఒక కాల్ వినిపించి "ఎలా ఉందిరా" అంటే వాడైనా "బానే ఉంది సార్" అనే అంటాడు, ఓనరు ముందు ఇంకేమంటాడు. అదే "కస్టమర్ ఎన్ని ప్రశ్నలు అడిగాడో రాయి, వేటికి జవాబు దొరకలేదో పక్కన రాయి" అంటే కూర్చుని రాసుకొస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది. దాని అభిప్రాయం అడగొద్దు, కస్టమర్ నోట్లోంచి వచ్చిన మాట అడగండి, అదీ ఏ నిమిషంలో అన్నాడో టైముతో సహా. టైము అడిగితే ఇంకో లాభం, మీకు అనుమానం వస్తే రికార్డింగ్‌లో సరిగ్గా అక్కడికి వెళ్ళి వినొచ్చు, మొత్తం వినక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ ప్రాంప్టులన్నీ (ప్రాంప్ట్ అంటే ఏఐకి మనం రాసిచ్చే పని) "నువ్వు 20 ఏళ్ళ అనుభవం ఉన్న సేల్స్ నిపుణుడివి" అని మొదలవుతాయి కదా, దానివల్ల నాకైతే పెద్దగా ఒరిగిందేం కనపళ్ళేదు, భాష కాస్త గంభీరంగా మారుద్ది అంతే. నిపుణుడివి అని పొగిడే బదులు మీ షాపు సంగతులు చెప్పండి, అవి దానికి తెలీవు కాబట్టి. నేనైతే మీకు ఇలా రాస్తాను, ఇది మొత్తం కాపీ చేసుకుని మీకు కావాల్సినట్టు మార్చుకోండి:

"ఇది ఏలూరు చుట్టుపక్కల ఇళ్ళకి రూఫ్‌టాప్ సోలార్ అమ్మే షాపు కాల్. కస్టమర్లు ఎక్కువమంది 50 దాటిన సొంతింటివాళ్ళు. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ సబ్సిడీ 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కి 60 వేలు, 3 గానీ ఆ పైన గానీ 78 వేలు. ఆ డబ్బు ప్యానెల్స్ బిగించి నెట్ మీటర్ పెట్టాక కస్టమర్ బ్యాంకు ఖాతాలోకే వస్తది, షాపుకి రాదు. 1 కిలోవాట్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తది. ఇప్పుడు ఈ నాలుగు పనులు చెయ్యి. కస్టమర్ అడిగిన ప్రతి ప్రశ్న అతని మాటల్లోనే, టైముతో రాయి, దానికి టెలీకాలర్ సూటిగా జవాబు చెప్పిందా లేదా రాయి. టెలీకాలర్ చెప్పిన ప్రతి అంకె రాసి, పైన నేనిచ్చినదానితో సరిపోతుందో లేదో చెప్పు. చూద్దాం లెండి, ఇంట్లో అడిగి చెప్తా, తర్వాత ఫోన్ చేస్తా లాంటి మాటలు వస్తే వాటిని ఆసక్తి కింద లెక్కెయ్యకు, దానికి ముందు జరిగిన రెండు మాటలు చూపించు. మళ్ళీ ఎప్పుడు మాట్లాడాలో రోజు, టైము ఖాయమైందా రాయి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో లేనిది రాయకు, లేకపోతే లేదు అని రాయి. మార్కులు వెయ్యకు."

ఆ చూద్దాం లెండి ముక్క మీద ఇంకొంచెం చెప్పాలి. అబ్బాయిని అడిగి చెప్తా అన్నది ఒక్కోసారి నిజం కూడా అవుద్ది. కాల్ మొదట్లోనే "మా వాడు హైదరాబాద్‌లో ఉంటాడమ్మా, ఇవన్నీ వాడే చూసుకుంటాడు" అని ఉంటే అది నిజం, అప్పుడు మీరు మాట్లాడాల్సింది ఆ అబ్బాయితో. కాల్ అంతా లేని అబ్బాయి జవాబు దొరకని ప్రశ్న తర్వాత ఊడిపడితే అది తప్పించుకోవడం. ఈ ముక్క కూడా ప్రాంప్ట్‌లో యథాతథంగా రాసెయ్యండి, అది బ్రహ్మాండంగా పట్టుకుంటది. దానికి చదవడం వచ్చు, మన మొహమాటం తెలీదు అంతే.

ఇంకోటి, మీరు పంపిన వేరే కాల్‌లో ఒకమ్మాయి "3 కిలోవాట్ పెడితే నెలకి 500 యూనిట్లు, బిల్లు జీరో" అని చెప్పేసింది. రోజుకి 12 వేసుకున్నా నెలకి 360 దాటదు, పైగా ఉత్పత్తి ఎంతున్నా కస్టమర్ ఛార్జీల్లాంటివి బిల్లులో కూర్చునే ఉంటాయి. రేపు బిల్లొచ్చాక ఆ ఇంటాయన మీ షాపు ముందుకొచ్చి నిలబడతాడు. ఏఐ ఈ కాల్‌కి కూడా 8 ఇచ్చింది చూశారా, "ఆత్మవిశ్వాసంతో మాట్లాడారు" అని మెచ్చుకుంది కూడా. అంకెలు మీరివ్వకపోతే ఏది తప్పో ఏది ఒప్పో దానికెలా తెలుస్తది.

అన్నట్టు మీ కాల్స్‌లో మూడింట్లో కస్టమర్లు కోతుల గురించి అడిగారు, కోతులొచ్చి ప్యానెల్స్ పగలగొడితే ఎవరు చూస్తారు అని. ఒక్కరు కూడా జవాబు చెప్పలేదు, ఒకమ్మాయి నవ్వేసింది. అది నవ్వే విషయం కాదండి, డాబా మీద లక్షన్నర రెండు లక్షలు పెడుతున్నవాడి మొదటి భయం అదే.

ప్రశ్న: విశాఖలో అపార్ట్‌మెంట్లు అమ్మే టీమ్‌కి లీడ్‌ని. మా కాల్స్ సగం తెలుగు సగం ఇంగ్లీషు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో యూడీఎస్ (ఫ్లాటుతో పాటు వచ్చే స్థలం వాటా) అన్నది యూపీఎస్ అని వస్తుంది, కొమ్మాది అన్న ఊరి పేరు "కొమ్మ అది" అయిపోతుంది, ఎవరు ఏది మాట్లాడారో కలిసిపోతుంది. అందుకే ముందు మొత్తం ఇంగ్లీషులోకి మార్చి అప్పుడు ఎనలైజ్ చేయిస్తున్నా. కరెక్టేనా?
- మధురవాడ నుంచి ఓ టీమ్ లీడ్

జవాబు: ఇంగ్లీషులోకి మార్చడం మానెయ్యండి ముందు. చూద్దాం లెండి అన్నది ఇంగ్లీషులోకి వెళ్తే చూసి చెప్తాం అని నిజంగా చూసేవాడి మాటలా తయారవుద్ది, అందులో ఉన్న ముభావం పోద్ది. ఇంకా పెద్ద నష్టం ఏంటంటే "అండి" అన్న మాట పోద్ది. కస్టమర్ "చెప్పండి" అని మొదలుపెట్టి, "ఆ అవునండి" అని, ఐదో నిమిషంలో "సరే చెప్పు, ఎంతంటావ్" అన్నాడనుకోండి, మనకి విన్నవెంటనే తెలుస్తది ఆయనకి కాలిందని. ఇంగ్లీషులో రెండూ ఒకటే. నేనైతే ప్రాంప్ట్‌లో ఒక లైను పెడతా: "కస్టమర్ అండి, మీరు నుంచి నువ్వు, ఏకవచనంలోకి మారితే ఆ చోటు టైముతో చూపించు, దానికి ముందు టెలీకాలర్ ఏమందో కూడా. కానీ మొదటి నుంచీ చెప్పమ్మా, ఏం బాబూ అంటుంటే అది పెద్దవాళ్ళ ఆప్యాయత, దాన్ని లెక్కెయ్యకు." ఈ ఒక్క లైనుతో దొరికేవి ఏ సెంటిమెంట్ స్కోరూ (కస్టమర్ మూడ్‌కి ఏఐ వేసే మార్కు) నాకు పట్టివ్వలేదు.

ఇక తప్పుల సంగతి. ప్రాంప్ట్ మొదట్లోనే మీ మాటల పట్టీ ఇచ్చెయ్యండి: యూడీఎస్, కార్పెట్ ఏరియా, వీఎంఆర్డీఏ, రెరా, గజాలు, ప్రాజెక్టు పేరు, చుట్టుపక్కల ఊళ్ళు. "ఇది మాటల్ని టెక్స్ట్ చేసిన కాపీ, తప్పులుంటాయి, యూపీఎస్ అని ఉంటే యూడీఎస్ అయ్యుండొచ్చు, సందేహం ఉన్నచోట సందేహం అని రాయి, సొంతంగా సరిచేసి ముందుకెళ్ళిపోకు" అనండి. ముఖ్యంగా డబ్బు అంకెలు, అరవై ఐదు ఎనభై ఐదు తేడా వస్తే కొంప మునుగుద్ది కాబట్టి అంకెలున్న ప్రతి చోటా టైము అడిగి మీరే విని చూసుకోండి.

ఎవరేం మాట్లాడారో కలిసిపోవడానికి మందు ప్రాంప్ట్‌లో లేదు, రికార్డింగ్‌లో ఉంది. మీ డయలర్ (ఫోన్లు కలిపి రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్) కంపెనీవాళ్ళని రెండు ఛానెళ్ళుగా, అంటే కస్టమర్ గొంతు ఒక పక్క, మీవాళ్ళ గొంతు ఒక పక్క విడిగా రికార్డ్ చెయ్యమనండి, చాలావాటిలో ఆ సెట్టింగ్ ఉంటది. టెక్స్ట్ చెయ్యడానికి ఏది వాడుతున్నారో కూడా చూసుకోండి, 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్‌కి తెలుగు అంత బలం కాదు, దానికో వింత అలవాటు కూడా ఉంది, ఎవరూ మాట్లాడని చోట, హోల్డ్ మ్యూజిక్ దగ్గర, ఎవరూ అనని వాక్యాలు తగిలించేస్తది, చూసినందుకు థాంక్స్ అని వీడియో చివర చెప్పేలాంటివి. మీ కస్టమర్ అలా అన్నాడని రిపోర్టులో వస్తే నమ్మకండి. మన భాషల కోసమే పనిచేస్తున్న సర్వం ఏఐ, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ లాంటివాళ్ళవి కూడా ఒక పది కాల్స్ మీద వేసి పోల్చుకోండి, ఏది మీ వైజాగ్ యాసని బాగా పట్టిందో అది వాడండి.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఒక కోచింగ్ సంస్థలో అడ్మిషన్ కౌన్సెలర్‌ని అండి. మా మేనేజరు ప్రతి కాల్‌కీ ఏఐ మార్కు తీసి దాన్నిబట్టి ఇన్సెంటివ్ ఇస్తున్నారు. నాకు పోయిన నెల సగటు 62 వచ్చిందని 3 వేలు కట్ చేశారు. అందులో 62 వచ్చిన ఒక కాల్‌ని నా ఫ్రెండ్ మళ్ళీ ఏఐకి వేస్తే 71 వచ్చింది! "ఎంపతీ (ఎదుటివాళ్ళ బాధ అర్థం చేసుకోవడం) తక్కువ" అని కూడా రాసింది. ఏం చెయ్యాలి?
- పేరు వద్దు అన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, నీ ఫ్రెండ్ చేసిన పని మంచి పని. ఆ మార్కు కొలిచి ఇచ్చింది కాదు, త్రాసులో పెట్టి చూసింది అసలే కాదు. ఈ మోడళ్ళు తర్వాత ఏ మాట రావచ్చు అని ఒక్కో ముక్కే ఎంచుకుంటూ రాస్తాయి, ఆ ఎంపికలో కొంత లాటరీ ఉంటది, కాబట్టి 62, 71, 68 ఏదైనా రావచ్చు. ఇక ఎంపతీ అంటావా, దానికిచ్చింది టెక్స్ట్ అయితే అందులో నీ గొంతు లేనే లేదు కదా. "అయ్యో, పాపకి ర్యాంకు రాలేదా అండి" అన్న మాట నువ్వెలా అన్నావో కాగితం మీద ఎక్కడుంటది? గొంతు వినని మనిషి నీ గొంతుకి మార్కులేసినట్టు.

గొడవ పెట్టుకోమని నేననను, ఉద్యోగం నీది. కానీ ఒకరోజు ఖాళీ చూసుకుని "సార్, ఈ కాల్ మీ ముందే ఇంకో మూడుసార్లు వేసి చూద్దామా" అని అడుగు. మూడుసార్లూ మూడు రకాలుగా వస్తే ఇక నువ్వు మాట్లాడక్కర్లేదు. ఆ వెంటనే వేరే దారి కూడా నువ్వే చూపించు, ఊరికే తప్పు పట్టినట్టు ఉండదు. మార్కు బదులు అవును కాదు ప్రశ్నలు: పిల్లాడు ఏ క్లాసో అడిగిందా, ఫీజు సరిగ్గా చెప్పిందా, రీఫండ్ గురించి లేని హామీ ఇచ్చిందా, మళ్ళీ ఫోన్ ఎప్పుడో ఖాయం చేసిందా. ఒక్కోదానికి అవును అంటే ఏ లైను చూసి అవునన్నదో ఆ లైను చూపించాలి, చూపించలేకపోతే కాదు అనే రాయాలి. ఇలా అడిగితే ఎన్నిసార్లు వేసినా జవాబు పెద్దగా మారదు, మారినా ఎక్కడ మారిందో కళ్ళకి కనపడుద్ది.

ఇంకో అన్యాయం కూడా జరుగుతుంటది నీలాంటివాళ్ళకి, మేనేజరుగారి ప్రాంప్ట్ ఏంటో చూడు వీలైతే. "ఈ కాల్‌లో తప్పులు కనిపెట్టు" అని ఉంటే అయిపోయినట్టే, తప్పులు తెమ్మంటే ఏదో ఒకటి తెస్తది, దొరక్కపోతే అల్లి తెస్తది. ఫీజు బేరం కూడా అంతే. "ఏమైనా తగ్గిస్తారామ్మా, మా అన్నయ్య కొడుకు కూడా మీ దగ్గరే చదివాడు" అని ఒక తల్లి అడిగితే ఏఐ దాన్ని ధర మీద అభ్యంతరం అని ఎర్రగా గుర్తుపెడుతుంది. మనకి తెలుసు, బేరమాడుతున్నారంటే బ్యాగులో డబ్బులు సర్దుకుంటున్నారని. ధర విని ఏమీ అనకుండా "ఓహో" అన్నవాళ్ళ గురించి భయపడాలి. "ధర తగ్గించమని అడగడాన్ని ఆసక్తిగా లెక్కెయ్యి, ధర విన్నాక మాట మార్చడాన్ని అభ్యంతరంగా లెక్కెయ్యి" అన్న లైను పెట్టించుకోగలిగితే నీ రిపోర్టు సగం బాగుపడుద్ది.

ప్రశ్న: కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు కూడా ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంటాయి. ఉచిత ఏఐలో పెట్టేస్తున్నాం. ఏమన్నా అవుతుందా?
- ఇన్సూరెన్స్ ఏజెంటు, ఖమ్మం

జవాబు: అవుద్ది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, మీ దాకా అంత రాకపోయినా కస్టమర్ నమ్మకం పోతే చాలు కదా. కాల్ రికార్డ్ అవుతుందని, దేనికి వాడతారో ముందే చెప్పండి. పెట్టే ముందు పేర్లు, నంబర్లు, ఆధార్, పాలసీ నంబరు, రోగాల వివరాలు తీసేసి కస్టమర్ 1, కస్టమర్ 2 అని పెట్టుకోండి, ఎక్సెల్‌లో వెతికి మార్చెయ్యడం పది నిమిషాల పని. సెట్టింగుల్లో మీ చాట్లు ఏఐకి నేర్పే ట్రైనింగ్‌కి వాడుకోకుండా ఆపే వీలుంటే ఆపించండి. తీసెయ్యమని ఏఐకే చెప్తాం అంటారేమో, అప్పటికే ఇచ్చేశారు కదండీ దానికి.

ప్రశ్న: డాలస్‌లో సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో పనిచేస్తున్నాను. గాంగ్ (సేల్స్ కాల్స్ రికార్డ్ చేసి టెక్స్ట్ చేసే సాఫ్ట్‌వేర్) నుంచి 40 కాల్స్ ట్రాన్స్‌క్రిప్ట్‌లు దింపి ఒకేసారి ఇచ్చి "ఎక్కువమంది ఎందుకు వద్దంటున్నారు, ఎన్ని కాల్స్‌లో?" అని అడిగితే ప్రతిసారీ వేరే అంకె చెప్తుంది.

జవాబు: నలభై కలిపి ఇవ్వకండి. అంత పొడుగు ఇస్తే మొదలు, చివర బాగా పట్టించుకుని మధ్యలోవి జారవిడుస్తది, పైగా లెక్కపెట్టడం దాని బలం కాదు. ఒక్కో కాల్ విడిగా ఇచ్చి ఒక్క వరస తీసుకోండి: కాల్ నంబరు, వద్దన్న కారణం, కస్టమర్ అన్న మాట, టైము. కారణాలకి ముందే ఆరేడు పేర్లు పెట్టి అందులోంచే ఎంచుకోమనండి, ఏదీ కాకపోతే ఇతరం అనమనండి. లేదంటే ఒకచోట ధర అని, ఇంకోచోట బడ్జెట్ అని, మరోచోట ఖరీదు అని రాసి మూడు కారణాలు చేసి పెడుద్ది. నలభై వరసలూ షీట్‌లో వేసుకుని లెక్క షీట్‌తోనే పెట్టించండి. మాట్లాడిన టైము ఎవరిది ఎంత అన్నది కూడా దాన్ని అడగొద్దు, ఆడియో చూసిన గాంగే అది చెప్తది, టైములు లేని ట్రాన్స్‌క్రిప్ట్ చూసి చెప్పేది ఉత్త అంచనా. మీ టెక్సాస్‌లో ఒకవైపు వాళ్ళకి తెలిస్తే రికార్డింగ్‌కి సరిపోద్ది గానీ కస్టమర్ కాలిఫోర్నియాలో ఉంటే అందరూ ఒప్పుకోవాలి, ఇది మీ లీగల్ వాళ్ళకి తెలిసే ఉంటది, మీకూ తెలిసి ఉండటం మంచిది.

ఉత్తరాలు ఇంకా ఉన్నాయి గానీ జాగా అయిపోయింది. ఏలూరు అన్నగారూ, ఈ ప్రాంప్ట్ గొడవ తర్వాత చూసుకుందాం, ముందు ఆ పెద్దాయనకి మీరే ఫోన్ చెయ్యండి. డబ్బు ముందు మొత్తం కట్టాలా, సబ్సిడీ ఎప్పుడొస్తది అన్నది చెప్పండి. కోతుల గురించి ఆయన అడక్కపోయినా చెప్పండి.